సైటేషన్ సారు

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది షుగరు లెక్క చెప్పుకుంటారు. సైటేషన్ సారు మాత్రం కొడుకు లెక్క చెప్తారు. "నిన్న 412 ఉండె, ఇయ్యాల 413." ఆ ఒక్కటి ఎక్కడిదని అడిగామా, రెండు రౌండ్లు ఎక్కువ నడవాల్సిందే. బ్రెజిల్‌లో ఎవరో కొడుకు పేపరును ఉదహరించారట.

సారు రిటైరైన లెక్కల టీచరు. కొడుకు అమెరికాలో క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తాడు. ఏం కనిపెట్టాడో సారుకు తెలియదు, ఎంతమంది ఒప్పుకున్నారో తెలుసు. ఇలాంటి తండ్రులు మిర్యాలగూడలోనూ ఉన్నారు, మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నారు. హెచ్-1 వీసా పిల్లల తండ్రులంటే వీళ్లకు కొంచెం చిన్నచూపు. "అది లాటరీ. మాది ఈబీ-1, ప్రతిభ!"

ఈబీ-1ఏ గ్రీన్ కార్డుకు నోబెల్ అంతటి బహుమతి ఉంటే అదొక్కటే చాలు. లేకుంటే పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపాలి. సారుకు పదీ కంఠతా వచ్చు. ఇతరుల పనికి తీర్పు చెప్పడమూ అందులో ఒకటని తెలిసి, క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగేవాళ్లంతా తమకు ఒకటి వచ్చేసిందని సంబరపడ్డారు.

"అసలు మన ఊరికే ఇయ్యాలె గ్రీన్ కార్డు" అంటారు సారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరొచ్చింది. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది.

"పేరు ఆడిదాంక పోయింది గని, వంకరపోయిన కాళ్లు ఈడనే ఉన్నయి సారూ" అన్నాడు చాయ్ బండి ఆయన. సారు ఆ సైటేషన్ లెక్కలో వేసుకోలేదు.

నెలనెలా వీసా బులెటిన్‌ను పంచాంగంలా చదువుతారు. ఉద్యోగ గ్రీన్ కార్డుల కోటా ఏడాదికి దాదాపు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతం పరిమితి. "తెలివి వానిదేనంట, క్యూ మాత్రం పుట్టిన దేశానిదంట!" అని నిట్టూర్చి, యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటారు. అమెరికా వెళ్లి, మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనుక నిలిచిన ఆ మహానుభావుడు అక్కడి పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. "ఆయనకు మా లాయరు దొరికుంటేనా!"

ఈబీ-1తో ఆగలేదు. "ఎన్‌ఐడబ్ల్యూ, అంటే జాతీయ ప్రయోజన మినహాయింపు, అది కూడా ఏసినం. వాని పని దేశానికి ముఖ్యమని చూపాలె."

"ఏ దేశానికి సారూ?"

ముప్పై ఏళ్లు పిల్లలతో ప్రతిజ్ఞ చెప్పించిన సారు మఫ్లరు సర్దుకున్నారు.

సిఫార్సు ఉత్తరాల సంగతి వచ్చేసరికి మళ్లీ గొంతు లేచింది. "కలిసి పనిచేసినోళ్లు రాస్తే అంత బరువుండదు. మొఖం ఎరగనోడు పొగడాలె. దానికే విలువ."

చాయ్ బండి ఆయన గ్లాసులు కడుగుతూనే అన్నాడు: "నిజమే సారూ. ఎరుకైనోడు ఎవడు పొగుడుతడు!"