అయ్యగారి పథ్యము

తన దేహమునకు తానే కర్తననియు, తన పొట్టకు తానే పూచీదారుననియు నలుగురిలో ప్రకటించుకొనుట ఇటీవల గవర్నరుపేటలో మిక్కిలి గౌరవప్రదమైన ఆచారమైనది. పూర్వము ఇచ్చటి పెద్దమనుష్యులు కాశీకి పోయివచ్చి ఆ సంగతి చెప్పుకొనుచుండెడివారు. ఇప్పుడు ఎనిమిది కిలోలు తగ్గివచ్చి చెప్పుకొనుచున్నారు. అలంకార్ సెంటరు మొదలు బీసెంట్ రోడ్డు కొసవరకు ఏ కొట్టు గల్లాపెట్టె ముందు నిలిచినను, బేరమునకు ముందు బరువు ప్రస్తావన రాక మానదు. వినువానికి కలుగు సందేహమొక్కటే: ఈ మహాబాధ్యతను నిజముగా మోయుచున్నదెవరు?

పథ్యములకు మన పట్టణమున కొదవలేదు. కృష్ణకు ఆవలి గట్టున, ఉండవల్లి కరకట్టపై, మంతెన సత్యనారాయణరాజుగారి ప్రకృతి ఆశ్రమమున్నది; అచటి సిద్ధాంతమున ఉప్పు నిషిద్ధము, నూనె నిషిద్ధము. ఈవలి గట్టునుండి, 2017, 2018 ప్రాంతముల, వీరమాచనేని రామకృష్ణగారి పథ్యము బయలుదేరి తెలుగునాడంతట వ్యాపించినది. అందు అన్నము నిషిద్ధము, నూనె విధి. దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అను నాలుగు పిల్లర్లమీద ఆ మహాసౌధము నిలిచినది. వైద్యులు పలువురు దానిని బహిరంగముగనే ఆక్షేపించిరి. కాని కొవ్వు త్రాగి కొవ్వు కరగింపవచ్చునను మాట చెవిని బడినపిమ్మట వైద్యుని మాట వినునంతటి విరాగి ఈ డెల్టాలో ఎవడున్నాడు? 1957లో ప్రకాశం బ్యారేజి కట్టిన ఇంజనీర్లు పంటకాలువలకు నీరందించుటనే తలచిరి గాని, ఉప్పు మానుట కొక గట్టునకును నూనె త్రాగుట కింకొక గట్టునకును పెద్దమనుష్యులు తిరుగాడుటకది యుపకరించునని ఊహించి యుండరు.

ఇట్టి వ్రతము లోకమునకు క్రొత్త కాదు. 1863లో లండను నగరమున విలియం బాంటింగ్ అను అంత్యక్రియల గుత్తేదారు రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు విడిచి సన్నబడి, ఆ వృత్తాంతమును సొంత ఖర్చుతో అచ్చువేయించి పంచిపెట్టెను. అచ్చుకూలి ఆయనయే యిచ్చుకొనెను. మన గవర్నరుపేట వ్రతస్థుడు ఖర్చు విషయమున ఇంతకంటె నేర్పరి. ఆయన పథ్యము పట్టిన నాటినుండి ఇంట రెండు వంటలు. తెల్లవారక పూర్వమే నిమ్మకాయలు పిండవలెను, కొబ్బరినూనె కొలవవలెను, కూరగాయలు తరిగి, ఉడికించి, వడగట్టి సూపు దింపవలెను. పిల్లల క్యారేజీలకు అన్నము, అత్తగారి చక్కెరవ్యాధికి రాగిజావ వేరు. ఇవియన్నియు ఇల్లాలు చేయును. అయ్యగారు చేయునది త్రాగుట, త్రాగి, "ఉప్పు కాస్త ఎక్కువైందోయ్!" అని సెలవిచ్చుట. నాలుగు లీటర్ల నీటి లెక్క సైతము ఆమెదే; సాయంకాలము కొట్టునకు ఫోను చేసి, "ఏమండీ, రెండో సీసా అయిందా?" అని అడుగవలసినదియు ఆమెయే. అడుగుట మరచిన దినమున అయ్యగారి దేహమునకు జలాభావము ప్రాప్తించును; ఆ దోషము ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రాతఃకాలమున స్టేడియములో నడక మాత్రము ఆయన స్వయముగానే చేయును, అబద్ధమాడరాదు. గంటసేపు నడిచి, మిత్రబృందముతో గాంధీనగరము చేరి, వెన్న వేసిన ఇడ్లీతో వ్రతోద్యాపనము గావించును. గ్రాము కొవ్వునకు 9 కెలోరీలన్న లెక్క ఆయనకు కంఠస్థమే. అయితే వెన్న ముట్టుకొనునప్పుడు గ్రాములు లెక్కించుట మర్యాద కాదని ఆయన అభిప్రాయము.

ఇక చేతి గడియారము సంగతి. దినమునకు పదివేల అడుగులన్న నియమమును ఏ ఋషియు దర్శింపలేదు. 1965లో జపానులో నడక లెక్కపెట్టు యంత్రమునమ్మిన యొక కంపెనీవారు దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టిరి, ఆ పేరే క్రమముగా శాస్త్రమైనది. శాస్త్రమైన తరువాత పాటింపక తప్పదు గదా! బీసెంట్ రోడ్డున బట్టల కొట్టు యజమాని యొకరు పరుపుమీదినుండి లేవకయే దినదినము పన్నెండువేల అడుగులు నడచుచున్నట్లు ఆ నడుమ వాడుకలోనికి వచ్చినది. విచారింపగా గడియారము గుమాస్తా కుఱ్ఱవాని ముంజేతికున్నది. వాడు మేడమీది గోదామునుండి చీరల కట్టలు దింపుచు, ఎక్కించుచు, యజమాని హృదయమును రక్షించుచున్నాడు. ఆ కుఱ్ఱవాడు పుల్లవలె నుండుటలో వింతలేదు.

ఇన్ని చేసినను బరువు తగ్గనిచో శరణ్యము వంశము. "మా నాన్నగారూ ఇంతే, మా తాతగారూ ఇంతే." ఈ వాదమును పరిహసించుట తగదు, అది చరకమహర్షి సమ్మతము. సూత్రస్థానమున ఆయన నిందితులైన యెనమండ్రను పేర్కొనుచు అతిస్థూలుని గూడ చేర్చి, స్థౌల్యమునకు కారణములు వరుసగ చెప్పెను: మితిమీరిన భోజనము, మధుర స్నిగ్ధ పదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర, చింతలేమి మొదలైనవి, చిట్టచివర బీజస్వభావము. మన పెద్దమనిషి ఈ జాబితాను చివరినుండి చదువ నారంభించి మొదటి మాటతోనే తృప్తినొంది గ్రంథము మూసివేయును. బీజప్రభావము లేదని యెవరనిరి? నేటి వైద్యులును దానిని ఒప్పుకొనుచున్నారు. ఒకే పళ్లెములో తిన్న అన్నదమ్ములలో ఒకడు లావగుట, ఒకడు కాకుండుట కనుచునే యున్నాము. దేహము లావైనంత మాత్రమున ఎవడును నేరస్థుడు కాడు, ఈ వ్యాసకర్తకు లావుపాటివారిపై వైరము లేదు. కాని బీజము తనంతట తానుగా పోయి మైసూరు బజ్జీ తినివచ్చిన దృష్టాంతము చరకమున లేదు.

ఈ వ్రతమున అందరకంటె ఎక్కువగా పాటుపడు ఇల్లాలి దేహము సంగతి ఎవరేని అడిగిరా? 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున అధికబరువు గల స్త్రీలు మూడవవంతునకు పైబడి యుండిరి. పురుషులకంటె వారే యెక్కువ. అది కష్టమైన గణితము కాదు. అయ్యగారికి సూపు, అత్తగారికి జావ, పిల్లలకు క్యారేజీలు ముగిసిన పిదప పదకొండు గంటలకు మిగిలినదేదియో తినును. పిల్లలు విడిచిన నెయ్యన్నము పారవేయ మనసొప్పదు. మోకాళ్లు నొప్పియని యొకనాడు ఆమె తానును స్టేడియమునకు వత్తునని యనగా అయ్యగారు పకపక నవ్వి, "రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటావు కదా, నీకు వేరే వాకింగ్ ఎందుకోయ్?" అనిరి. పైగా ఆ గంటలో సూపు ఎవరు దింపుదురు?

పథ్యము ఫలించినది. బరువు దిగినది, చొక్కాలు బిగించి కుట్టించిరి, మిత్రులు శాలువా కప్పిరి. ఆ సభలో అయ్యగారు అర్ధగంట సేపు ఆత్మనిగ్రహమును గూర్చి ప్రసంగించిరి. ఆరోగ్యమునకు ఎవరికివారే బాధ్యులని ఉద్ఘాటించినప్పుడు చప్పట్లు మిన్నుముట్టెను. ఆమె రాలేదు, రాత్రి సూపు పొయ్యిమీదనున్నది. సంక్రాంతి వచ్చినది, అరిసెలు వచ్చినవి, తరువాత నూజివీడు రసాలు వచ్చినవి, వానితోపాటు బరువును వడ్డీతోసహా వచ్చినది. స్టేడియములో మిత్రులు కారణమడిగిరి.

"ఏం చెయ్యమంటారండీ, మా ఆవిడ చేతివంట అలాంటిది!"

అందరును ఆమోదపూర్వకముగా నవ్విరి. చిరుధాన్యములయందు గొప్ప గుణమున్నదని, 2023ను వాని సంవత్సరముగ ఐక్యరాజ్యసమితియే ప్రకటించినదని ఒకరు చెప్పగా, ఇక వరియన్నము ముట్టనని అయ్యగారు అచటనే శపథము చేసి, వెంటనే ఇంటికి ఫోను చేసి, కొర్రలు నానబెట్టుమని ఆజ్ఞాపించిరి.