వీధి కనపడని వీధి తిండి

ఈ ఫిర్యాదు ఎక్కడివ్వాలో తెలియక పత్రికాముఖంగా ఇస్తున్నాను. కూకట్‌పల్లి ఠాణాలో ఇద్దామంటే నేరం జరిగింది సింగపూర్‌లో. సింగపూర్‌లో ఇద్దామంటే నిందితుల్లో ముగ్గురు నా ఇంట్లోనే, నా ఫ్యాను కిందే కూర్చుని ఉన్నారు. ఏ1 మా ఆవిడ. ఏ2 ఇంటర్ చదివే మా అమ్మాయి. ఏ3 మా అబ్బాయి, మైనరు కనుక వివరాలు గోప్యం. ఏ4 మా బావమరిది. సింగపూర్‌లోని పొంగోల్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, "ఒక్కసారి రండి బావగారూ, ఇక్కడి స్ట్రీట్ ఫుడ్ తినకపోతే జన్మ దండగ" అని ఫోనులో కుట్రకు బీజం వేసిన ఘనుడు.

పూర్వాపరాలు కొంత చెప్పాలి. మా సందు మలుపులో ఒక పునుగుల బండి ఉంది. సాయంత్రం అటు నడిస్తే చాలు, ఏ1 ముక్కు పట్టేసుకుంటుంది. ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో, ఆ చట్నీలో నీళ్లెక్కడివో, ఆ దుమ్మేమిటో అని నాకు కామెర్ల దగ్గర్నుంచి టైఫాయిడ్ దాకా అన్నీ వినిపిస్తుంది. అటువంటి మనిషి వీధి తిండి తినడానికి పాస్‌పోర్టులు తీసి, శంషాబాద్‌లో విమానం ఎక్కించింది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. మా పునుగుల బండికి నడిచి నాలుగు నిమిషాలు.

తీరా దిగి చూస్తే తిండి ఉంది, వీధి లేదు! ఒకప్పుడు సింగపూర్ రోడ్ల నిండా తోపుడు బండ్లేనట. 1971 నుంచి 1986 దాకా ప్రభుత్వం ఆ బండ్లవాళ్లందర్నీ రోడ్ల మీంచి లేపి, కప్పు, కుళాయి, మురుగు కాలువ ఉన్న హాకర్ సెంటర్లలోకి తరలించింది. ఆ సంస్కృతికే 2020లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే, అభినందించాం. కానీ ఈగ లేదు, దుమ్ము లేదు, పక్కన స్కూటర్ హారన్ లేదు, "అన్నా, ఇంకో ప్లేటు" అన్న కేక లేదు. ఇది వీధి తిండి ఎలా అవుతుందని అడిగితే, "నీట్‌గా ఉంటే కూడా మీకు బాధేనా?" అంది ఏ1.

అక్కడ బల్ల పట్టుకునే పద్ధతి వేరు. బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పడేసి వెళ్తే చాలు, ఆ బల్ల జోలికి ఎవరూ రారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన వంశం కనుక నాకది చప్పున అర్థమైంది. ఏ1కి మాత్రం నమ్మకం కుదరలేదు. "పొట్లం ఎవడైనా తీసేస్తే? మీరే కూర్చోండి" అని నన్ను టిష్యూ పొట్లంగా నియమించి ముగ్గుర్నీ వెంటేసుకుని వెళ్లింది. వాళ్లు చికెన్ రైస్, లక్సా, రోటీ ప్రాటా అంటూ కొట్టుకొట్టూ చూసుకుని వచ్చేసరికి నేను పక్క బల్లవాళ్ల నూడుల్స్ వాసనతోనే సగం భోంచేశాను.

తిన్నాక ఇంకో అవమానం. 2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లలో తిన్నవాళ్లే ట్రే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలన్న నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి హెచ్చరిక, మళ్లీ దొరికితే 300 డాలర్ల జరిమానా. డాలరుకు 65 రూపాయలు వేసుకున్నా దాదాపు 20 వేలు! ఈ సంగతి ఏ4 చెప్పగానే మా ఆవిడ మొహంలో వెలుగు చూడాలి. పెళ్లినాటి నుంచీ నాతో తీయించలేకపోయిన ఎంగిలి కంచాన్ని ఒక పరాయి ప్రభుత్వం తీయిస్తోంది. నేను అయిదుగురి గిన్నెలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, కారుతున్న పులుసు చొక్కా మీద పడకుండా నడుస్తుంటే ఏ2 వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. మా అత్తగారు దానికి రెండు చేతులెత్తి దండం బొమ్మ పెట్టారు.

కాఫీ సంగతి విడిగా చెప్పాలి. గింజల్ని పంచదార, వెన్న వేసి నల్లగా వేయించి పొడి కొడతారు. పొడవాటి గుడ్డ సంచీలో ఆ పొడి వేసి, కూజాతో మరిగే నీళ్లు పోసి, డికాక్షన్ దించుతారు. కప్పులో అడుగున తియ్యటి చిక్కటి పాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆ గుడ్డ సంచీ చూసి నా ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోగా ఏ4 నా తరఫున "కోపీ ఓ కోసోంగ్" అన్నాడు. పాలూ లేవు, పంచదారా లేదు, కషాయం వచ్చింది. షుగరున్న బావగారి మీద బావమరిదికి ప్రేమట అది.

అసలు సిసలు వీధి ఒక్కటంటే ఒక్కటి దొరికింది. లావ్ పా సాత్ అని 19వ శతాబ్దం నాటి ఇనుప స్తంభాల మార్కెట్ ఉంది. రాత్రిపూట దాని పక్కన బూన్ టాట్ వీధిలో కార్లు ఆపేసి, రోడ్డు మీదే బల్లలు వేస్తారు. బొగ్గుల మీద సతే పుల్లలు వరసగా పేర్చి, విసనకర్రతో టపటపా విసురుతూ ఒకాయన తిప్పుతున్నాడు. కొవ్వు బొగ్గు మీద పడి చుయ్యిమంటోంది. పక్కన వేరుశెనగ పులుసు, ఉల్లి ముక్కలు, కీర. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం పొగకి, సగం ఆనందానికి. కుర్చీ లాక్కుని కూర్చోబోయాను. "పొగ వస్తోంది నాన్నా, ఉక్కగా ఉంది, లోపల కూర్చుందాం" అంది ఏ2. లోపలే కూర్చున్నాం.

ఇక మాల్స్. ఆర్చర్డ్ రోడ్డులో ఒకప్పుడు జాజికాయ తోటలుండేవి. 19వ శతాబ్దంలో తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడక్కడ మొలిచిన పంటకి ఏ తెగులూ రాదు. మెట్రో దిగితే అయాన్ మాల్ అడుగున తేలతాం, అక్కణ్నుంచి నేల కిందనే ఇంకో మాల్, దాన్నుంచి మరొకటి. మధ్యాహ్నమో రాత్రో తెలీదు, వాన వెలిసిందో లేదో తెలీదు.

లోకం అనుకుంటుంది భార్యలు కొంటారని, భర్తలు ఏడుస్తారని. అబద్ధం. మా ఆవిడ ఏమీ కొనలేదు! చీటీ తిప్పి చూస్తుంది, రూపాయల్లోకి మారుస్తుంది, "ఇది మన దగ్గరే చవక" అంటుంది, పెట్టేస్తుంది, తర్వాతది తీస్తుంది. కోఠీలో సగం ధరకు అడిగే నోరు, బేరం లేనిచోట మౌనవ్రతం పట్టి, ఆ కసి అంతా చూడటంలో తీర్చుకుంది. కొనడానికి పది నిమిషాలు చాలు, కొనకపోవడానికి పూట పడుతుంది. నేను బల్ల మీద కూర్చున్నాను. అక్కడ దేశదేశాల మగవాళ్లున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, మాట్లాడాల్సిన అవసరమూ కలగలేదు.

కొన్నదంతా లిటిల్ ఇండియాలో ఒకేచోట. ఆ కొట్టు పేరు చెప్పనక్కర్లేదు, సింగపూర్ వెళ్లొచ్చిన ఏ తెలుగింట్లోనైనా అటక మీద దాని సంచీ ఉంటుంది. చాక్లెట్లు, గొడ్డలి బొమ్మ తలనొప్పి తైలం సీసాలు, సబ్బులు, ఇవిగాక మన దేశం నుంచే అక్కడికెళ్లిన జంతికలు! బయటికొచ్చేటప్పుడు సంచుల మూతికి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. హోటల్లో అది చేత్తో తెగలేదు, పంటితో తెగలేదు. కత్తెర కోసం పొంగోల్ దాకా వెళ్లి, బావమరిది ఇంట్లో మళ్లీ ఆ కషాయమే తాగాను.

విమానాశ్రయంలో జీఎస్టీ వాపసు తతంగం. ఒక కొట్లో 100 డాలర్లకు పైగా కొంటే పన్ను వెనక్కిస్తారు. అక్కడ పన్ను 9 శాతం, అందులోంచి వాళ్ల ఖర్చులు పోను మిగిలిందే మనకి. ఆ మిగులు చూసుకుని నేను మొదటిసారి నవ్వాను. ఇంకా టైముందంటూ పక్కనే ఉన్న జ్యువెల్ మాల్‌కి తోలుకెళ్లారు. 40 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం, అదీ కప్పు కిందే, చుట్టూ కొట్లే! నేను నోరు తెరుచుకుని నీళ్లకేసి చూస్తుండగా ఏ3 నా వాపసుని ఐస్‌క్రీముగా మార్చాడు.

ఇంటికొచ్చాక తైలం సీసాల పంపకం మొదలైంది. ఆడపడుచుకి రెండు, కింది ఫ్లాటు ఆంటీకి ఒకటి, పనమ్మాయికి ఒకటి, వాచ్‌మన్‌కి ఒకటి. సంచులు మోసిన మోకాళ్లు నావి కదా, నాకొకటి ఉంచమన్నాను.

"ఇంట్లో జండూబామ్ ఉందిగా," అంది.