మా వాడకట్టుకు రెండు పొద్దులు

మా వాడకట్టుకు రెండు పొద్దులు. ఒకటి అందరి పొద్దులాగే తూర్పున పొడిచి పడమట గూకుతుంది. రెండోది పొడవదు, గూకదు. మా ఇంటి మూలమీది స్తంభానికి వేలాడుతూ పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. మొదటిదాన్ని ఎవరు పెట్టించారో ఎక్కడా రాసి లేదు. రెండోదాన్ని మాత్రం మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన తన పుట్టినరోజుకు సొంత పైసలతో పెట్టించాడని దాని కిందే ఫ్లెక్సీ ఉంది, చేతులు జోడించిన ఫొటోతో సహా. లైటు కోసం ఫ్లెక్సీ కట్టారా, ఫ్లెక్సీ కోసం లైటు పెట్టారా అన్నది స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంకా తేలలేదు.

ఆ లైటు పడాల్సింది రోడ్డు మీద. పడుతున్నది నా మంచం మీద. రాత్రి రెండింటికి మెలకువ వస్తే, లేచి స్విచ్చు వేయకుండానే గోడమీది క్యాలెండర్‌లో వర్జ్యం ఎప్పటినుంచి ఎప్పటిదాకానో చదువుకోవచ్చు. చదువుతున్నాను కూడా. ఈ ఏడాది వర్జ్యాలన్నీ నాకు నోటికొచ్చాయి.

ఒకనాడు ధైర్యం చేసి పెద్దమనిషి ఇంటికి పోయాను. "లైటు మూతి కొంచెం కిందికి తిప్పిస్తే బాగుండు. లేకుంటే రాత్రి పదకొండు దాటినంక బంద్ చేపిస్తే ఇంకా మంచిది" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "సారూ, ఊర్లె అందరు లైటు కావాల్నని నా ఇంటి సుట్టు తిరుగుతున్నరు. మీరేమో చీకటి కావాల్నంటున్నరు. సదువు చెప్పినోళ్లు, మీరే గిట్లంటె ఎట్ల?"

పక్కన కూర్చున్న కుర్రాడు అందుకున్నాడు. "సారుకు పరదాలు కొనియ్యుండ్రి అన్నా, అయిపోతది."

అందరూ నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. పరదాలు కొన్నది మాత్రం నేనే. ఇప్పుడు కిటికీలోంచి గాలి రావడం లేదు. వెలుగు అంచుల్లోంచి ఎప్పటిలాగే వస్తోంది.

వెలుగంటే అభివృద్ధి, చీకటంటే వెనుకబాటు. ఇది ఈ కాలపు మతం, దానికి హైమాస్ట్ స్తంభమే ధ్వజస్తంభం. చౌరస్తాలో లైటు ప్రారంభోత్సవమంటే నాయకుడొస్తాడు, డప్పులొస్తాయి, స్విచ్చు వేస్తూ ఫొటో వస్తుంది. స్విచ్చు ఆపడానికి ఇంతవరకు ఏ నాయకుడూ ఏ ఊరికీ రాలేదు. ఆ కార్యక్రమానికి శిలాఫలకం లేదు కదా.

నేను చీకటి భక్తుణ్ణి కాను. కందిలి ముందు గ్యాసునూనె పొగ పీలుస్తూ ఎక్కాలు వల్లెవేసిన తరం నాది. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు వదిలే రోజుల్లో మోటారు పెట్టడానికి పొలానికి పోయి పాము కరిచినవాళ్ల కథ ఈ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వినిపిస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక ఆ రాత్రి నడకలు తగ్గాయి. రాత్రి బస్సు దిగి ఇంటికి నడిచే ఆడపిల్లకు దారి పొడుగునా లైటు ఉండాల్సిందే. దారికి లైటు ఎందుకని నేనడగడం లేదు. నా మంచానికి ఎందుకని అడుగుతున్నాను.

ఎంత వెలుగు, ఎంతసేపు అన్న లెక్క తెలియాలంటే కోళ్ల ఫారంలో అడగాలి. నాకు బావమరిది వరస ఆయనొకడు లేయర్ కోళ్లు పెంచుతాడు. "బావా, లైటంటె కోడికి దాణా అసొంటిదే. తక్కువైనా తిప్పలే, ఎక్కువైనా తిప్పలే" అంటాడు. పిల్లకోళ్లకు వెలుగు గంటలు తక్కువ ఇస్తారు. ముందే ఎక్కువిస్తే ఒళ్లు ముదరకముందే గుడ్లకొస్తాయి, గుడ్డూ చిన్నదవుతుంది. గుడ్లకొచ్చే వయసులో మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి రోజుకు 16 గంటల దగ్గర ఆపుతారు. మిగతా 8 గంటలు చీకటి. కోడి కంటితోనే కాదు, పుర్రెలోంచి మెదడుకు సోకే వెలుగుతో కూడా పొద్దును పసిగడుతుంది. ఆ వెలుగే దాని హార్మోన్లను కదిలించి గుడ్డు పెట్టిస్తుంది. షెడ్డులో గోడకు టైమర్ ఉంది. వేళకు టక్కుమంటుంది, లైటు ఆరుతుంది, వేల కోళ్లు ఒక్కసారి గుసగుసలాడి సర్దుకుంటాయి.

వాటిని పడుకోబెట్టిన మా బావమరిది ఇంటికొచ్చి పన్నెండున్నర దాకా ఫోన్‌లో రీల్స్ చూస్తాడు. తెల్లారి నాకు ఫోన్ చేసి నిద్ర పట్టడానికి గోళీ ఏదైనా ఉందా అని అడుగుతాడు. కోడి గుడ్డు పెడుతుంది కాబట్టి దాని నిద్రకు టైమర్ ఉంది. మనిషి గుడ్డు పెట్టడు.

మనిషికీ లెక్క కట్టినవాళ్లు లేకపోలేదు. కోడికి పుర్రెలోంచి పోయే కబురు మనకు కంట్లోంచే పోతుంది. చూపుకు పనిచేసే కణాలు కాక, ఇది పగలా రాత్రా అని మెదడుకు చెప్పే కణాలు రెటీనాలో వేరే ఉన్నాయని 2002లో తేలింది. అవి నీలి వెలుగుకు బాగా స్పందిస్తాయి. వెలుగు తగిలినంతసేపు మెదడు ఇంకా పొద్దుగూకలేదనుకుని మెలటోనిన్ అనే రాత్రి హార్మోన్‌ను బిగపట్టి ఉంచుతుంది. ఇక మన తెల్లటి ఎల్ఈడీ బల్బు ఏమిటంటే, లోపల ఉన్నది నీలి దీపమే. దాని మీద పసుపుపచ్చ వెలుగునిచ్చే పూత పూస్తే రెండూ కలిసి కంటికి తెలుపు. నీలి ఎల్ఈడీని సాధించిన ముగ్గురు జపాన్ సంతతి శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. శరీరంలోని గడియారాన్ని పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో విప్పి చూసిన ముగ్గురు అమెరికన్లకు 2017లో వైద్య నోబెల్ వచ్చింది. మా మూలమీది స్తంభం దగ్గర ఈ రెండు నోబెళ్లూ రోజూ రాత్రి కొట్టుకుంటున్నాయి.

వీధుల్లో పెట్టే ఎల్ఈడీల రంగు 3000 కెల్విన్లకు మించకుండా చూడాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో చెప్పింది. అంకె పెరిగినకొద్దీ వెలుగులో నీలం పెరుగుతుంది. మన దుకాణాల్లో 'కూల్ డేలైట్' అని అమ్మే బల్బు 6500. పేరులోనే డే ఉంది, అంటే పగలు. పగటిని రాత్రి వేలాడదీసి, నిద్ర రాలేదని బాధపడటం ఏం తెలివి? 2022లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, శరీరంలోని గడియారానికి తగిలే వెలుగును కొలిచే ప్రత్యేకమైన లక్స్ లెక్కలో, పగలు కంటికి కనీసం 250 అందాలని, పడుకునే ముందు మూడు గంటలు 10 దాటొద్దని, పడుకున్నాక 1 దాటొద్దని రాసింది. నిండు పున్నమి వెన్నెల మామూలు లక్సుల్లో అర లక్స్ కూడా ఉండదు. వాకిట్లో నులకమంచం వేసుకుని ఎన్నెల్లో పడుకున్నవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

నిజం చెప్పాలంటే పెద్దమనిషి లైటు ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. వీధి వెలుగుకూ రోగాలకూ ముడిపెట్టే పరిశీలనలు చాలావరకు ఇది ఉన్నచోట అదీ ఎక్కువుందని చూపించేవే. దానివల్లే ఇది వచ్చిందని ప్రమాణం చేయలేవు. ఇంట్లోనూ దొంగ ఉన్నాడు. 200 లక్సుల లోపు ఉండే మామూలు గది వెలుగులో రాత్రి పడుకునేదాకా గడిపితే, మసక వెలుతురుతో పోల్చినప్పుడు, మెలటోనిన్ ఉండే కాలం గంటన్నర దాకా తగ్గుతుందని 2011లో ఒక అధ్యయనం చూపింది. ఆ గది వెలుగంటే ఏమిటి? అన్నం తిని సీరియల్ చూసేటప్పుడు మా హాల్లో వెలిగే ట్యూబులైటే.

ఇంతవరకు సైన్సు. ఇక్కడినుంచి వ్యాపారం.

మా మనవడికి కళ్లు చూపించడానికి హనుమకొండలో ఒక అద్దాల దుకాణానికి పోయాం. చూపు పరీక్ష అయింది. అద్దాలు కావాలన్నారు. సరే. అప్పుడు కౌంటర్లోని అబ్బాయి బల్లకింద నుంచి చిన్న నీలి టార్చి తీశాడు. మామూలు అద్దంలోంచి వేస్తే నీలి చుక్క కాగితం మీద పడింది. ఇంకో అద్దంలోంచి వేస్తే పడలేదు. "చూసిన్రా సార్? గిది బ్లూ కట్. ఫోన్ల విషమంత ఆగిపోతది. ఎనిమిది వందలే ఎక్కువ." ఇంద్రజాలికుడు టోపీలోంచి పావురం తీసినప్పుడు చూసినట్టు మా కోడలు చూసింది. ఎనిమిది వందలు ఇచ్చేసింది.

నీలి వెలుగు విషమైతే ముందు మూసేయాల్సింది ఆకాశాన్ని. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సులుంటుంది, అందులోని నీలం ముందు ఫోన్ ఎంత? ఈ ప్రాంతంలో పిల్లల్ని కన్న ఏ తల్లిని అడిగినా చెబుతుంది, పుట్టగానే కామెర్లొస్తే బిడ్డను కళ్లకు గంతలు కట్టి ఏ రంగు లైట్ల కింద పెట్టారో. నీలి లైట్ల కిందే. 1950ల్లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు పసికందులను ఎండలోకి తీసుకుపోతూ, ఎండ తగిలినచోట పసుపు తగ్గడం గమనించింది. ఆ వైద్యం అక్కడ మొదలైంది. అదే వెలుగు పసిబిడ్డకు మందు, పదేళ్ల పిల్లాడికి విషం, ఎనిమిది వందలిస్తే పరిహారం. 17 ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2023లో తేల్చిందేమిటంటే, కంప్యూటర్ చూసినప్పుడు వచ్చే కంటి అలసటను తగ్గించడంలో ఈ అద్దాలకూ మామూలు అద్దాలకూ తేడా దాదాపు లేదని. నిద్ర బాగుపడుతుందన్నదీ గట్టిగా నిలబడలేదు. ఫోన్ నిద్ర చెడగొట్టేది వెలుగుకంటే అందులోని బొమ్మలతో అని నా అనుమానం. రీల్స్‌ను ఆపే అద్దం ఇంకా రాలేదు.

ఆ పిల్లాడికి అద్దాలెందుకొచ్చాయో దుకాణంలో ఎవరూ అడగలేదు. నేను చెబుతాను. వాడు హాస్టల్లో ఉంటాడు. ఎండ రాకముందే స్టడీ అవర్, పొద్దంతా క్లాసు, పొద్దుగూకాక మళ్లీ స్టడీ అవర్. ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉంది, మైదానంలో లేదు. గదిలో ట్యూబులైటు కింద రెండు మూడు వందల లక్సులు. బయట చెట్టునీడకు పోయినా వేలల్లో ఉంటాయి. ఎదిగే వయసులో బయటి వెలుతురులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని ప్రయోగాల్లో తేలింది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టుకుంది. ఏటేటా పెరుగుతూ పోయిన చూపు సమస్య అక్కడ మలుపు తిరిగింది. ఆ రెండు గంటలకు ఫీజు లేదు, అందుకే ఏ ప్రాస్పెక్టస్‌లోనూ కనబడదు. ఆకాశం నిండా ఎండ కాసే తెలంగాణలో పిల్లలకు పగలు వెలుగు కరువు, రాత్రి వెలుగు వరద. కోళ్లను ఇలా పెంచితే మా బావమరిది దివాలా తీసేవాడు.

వెలుగు వేళ తప్పినందుకు నిజంగా ఒళ్లు అప్పగించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఎవరూ అద్దాలు అమ్మడం లేదు. భూపాలపల్లి సింగరేణి గనుల్లో నైట్ షిఫ్ట్ దిగేవాళ్లు, రాత్రంతా వార్డులో తిరిగే నర్సులు, పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మెన్. రాత్రి షిఫ్టు పని మనిషికి క్యాన్సర్ కారకం కావచ్చునని, 'బహుశా' అనే వర్గంలో చేర్చి, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ అదే మాట మీద నిలబడింది. వాళ్లు పగలు పడుకోవాలంటే గది చీకటిగా ఉండాలి, వాడకట్టు చప్పుడు తగ్గాలి, షిఫ్టు మారేటప్పుడు తగినంత విరామం ఉండాలి. దీని మీద ఫ్లెక్సీ కట్టిన నాయకుణ్ణి నేను చూడలేదు.

మళ్లీ నా లైటు దగ్గరికొస్తాను, దాని కరెంటు దగ్గరికి. మా వైపు ఘన్‌పూర్లు రెండని బయటివాళ్లకు తెలియకపోవచ్చు. రైలు ఆగేది మాది. ములుగు వైపు ఇంకొకటి ఉంది, కోటగుళ్లున్న ఘన్‌పూర్. ఆ మండలంలోనే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అంటే ఆ ఘన్‌పూర్లో బొగ్గు మండితే ఈ ఘన్‌పూర్లో నా నిద్ర మండుతుంది. గ్రిడ్డులో పడ్డాక ఏ కరెంటు ఎక్కడిదో చెప్పలేమని ఇంజినీర్లు అంటారు. వాళ్లన్నదే నిజం. కానీ రాత్రి రెండింటికి మనిషికి ఇలాంటి లెక్కలే తోస్తాయి.

పగలు కూడా ఎందుకు వెలుగుతోందని కరెంటు పని తెలిసిన ఒకతన్ని అడిగాను. "మూడో తీగ లేదు సార్" అన్నాడు. వీధిలైట్లకు వేరే తీగ, దానికో స్విచ్చు ఉంటేనే పగలు ఆర్పగలరు. లేకుంటే లైనులో కరెంటున్నంతసేపు లైటు వెలుగుతుంది. 2019లో ప్రభుత్వ పల్లెప్రగతి కార్యక్రమం మొదలైనప్పుడు ఊరూరా ఈ మూడో తీగ మాటే వినిపించింది. మా పెద్దమనిషి లైటు మాత్రం సొంత పైసలది కదా, స్తంభమెక్కి నేరుగా తగిలించారు. దానం చేసినదానికి స్విచ్చు అడగడం మర్యాద కాదనుకున్నారేమో.

ఇది రాస్తున్నది మధ్యాహ్నం పన్నెండున్నరకు. బయట రెండు పొద్దులూ వెలుగుతున్నాయి, ఒకదాన్ని ఎవరూ చూడటం లేదు.

పెద్దమనిషికి ఈ పత్రిక ద్వారా ఒక విన్నపం. మీ పుట్టినరోజు మళ్లీ దగ్గర పడుతోంది. ఈసారి ఇంకో లైటు వద్దు. ఉన్నదానికే ఒక టైమర్ పెట్టించండి, మా బావమరిది షెడ్డులో ఉన్నలాంటిది. ఏది కొనాలో ఆయన చెబుతాడు. దాని మీద కూడా మీ పేరే రాయించుకుందాం, ఫ్లెక్సీ ఖర్చు నాది.