తడబడని తాళం

జ్యూక్‌బాక్సులకు పేరుపడ్డ షికాగో సీబర్గ్ కంపెనీ నన్ను తయారుచేసింది ఇళ్లలో ఆర్గన్ వాయించుకునేవాళ్ల కోసం. నేను తాళం వేసే యంత్రాన్ని, నా పేరు రిథమ్ ప్రిన్స్. ఒక మీట నొక్కితే వాల్ట్జ్, ఇంకోటి నొక్కితే ఫాక్స్‌ట్రాట్. నా లోపల డ్రమ్ములూ లేవు, ఎవరో వాయించిన డ్రమ్ముల రికార్డింగూ లేదు. సర్క్యూట్ ఒక చిన్న కంపనాన్ని పుట్టించి వెంటనే ఆర్పేస్తే అది బాస్ డ్రమ్. ‘హిస్’మనే రొదను వడగట్టి తుంచేస్తే అది సింబల్. అంతే నా సరంజామా.

నన్ను చేరదీసింది న్యూయార్క్‌లో మార్టిన్ రెవ్. జాజ్ నేర్చుకున్న మనిషి. అతని జోడీ అలన్ వేగా పారేసిన బల్బులూ వైర్లూ ఏరి దీపాల శిల్పాలు చేసేవాడు. 1970లో మొదలైన వాళ్ల బృందం పేరు ‘సూయిసైడ్’. తమ కచేరీ కరపత్రాల మీద ‘పంక్’ అన్న మాట అచ్చువేయించుకున్న మొదటివాళ్లలో వీళ్లున్నారు. మొదట్లో గిటారిస్టు కూడా ఉండేవాడు. చివరికి మిగిలింది ఒక గొంతు, ఒక పాత ఆర్గన్, నేను. రెవ్ ఆర్గన్‌ను ఫజ్ పెడల్స్ గుండా పంపి గరగరలాడించేవాడు. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. ఆ గరుకుతనమే వాళ్ల సొత్తు.

మమ్మల్ని విన్నవాళ్లు గందరగోళం అన్నారు. ఆ గందరగోళంలో నా వంతేమిటో చెప్పాలి. 1977 డిసెంబరులో రెడ్ స్టార్ సంస్థ విడుదల చేసిన మా మొదటి రికార్డులో ‘ఫ్రాంకీ టియర్‌డ్రాప్’ ఉంది. పది నిమిషాలు దాటిన పాట. ఫ్యాక్టరీలో ఎంత చాకిరీ చేసినా ఇల్లు గడవని ఇరవై ఏళ్ల కుర్రవాడు బిడ్డనూ భార్యనూ చంపి, తనూ చచ్చిపోతాడు. వేగా మొదట గుసగుసలాడతాడు. తర్వాత ఉన్నట్టుండి కేక. డ్రమ్ముల ముందు మనిషి కూర్చుని ఉంటే ఆ కేకకు చెయ్యి ఉలిక్కిపడేది. జోరు పెంచేవాడో, భయపడి ఆపేసేవాడో. నేను ఆపలేదు. శ్రుతిపెట్టె పాటగాడి మూడ్‌ను బట్టి మారదు కదా, నేనూ అంతే. ఆ పాటలో నా చప్పుడు ఫ్రాంకీ ఫ్యాక్టరీలోని యంత్రం చప్పుడు. ఫ్రాంకీ చచ్చిపోయాక కూడా ఆ యంత్రం నడుస్తూనే ఉంటుంది. వినేవాడి వెన్నులో చలి పుట్టించేది కేక ఒక్కటే కాదు, దాని కింద చలించని నా చప్పుడు. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను.

1978 జూన్ 16న బ్రసెల్స్‌లో, రాక్ గాయకుడు ఎల్విస్ కాస్టెలో కచేరీకి ముందు మేం వాయించాం. జనం గిటార్లూ డ్రమ్ములూ చూద్దామని వచ్చారు. వేదిక మీద ఇద్దరే మనుషులు. ఈలలు, తిట్లు. ఆఖరికి ఎవరో వేగా మైకు లాగేసుకున్నారు. ఆ రాత్రి రికార్డింగ్‌కు ‘బ్రసెల్స్ మీద 23 నిమిషాలు’ అనే అర్థం వచ్చే పేరు నిలిచిపోయింది. ఆ జనాన్ని నేను తప్పుపట్టను. కానీ వేగా ఆ గోల మధ్య నిలబడి పాడాడు. అంత ధైర్యమున్న గొంతుకు తాళం వేయడం నాకు దక్కిన భాగ్యం.

వినవలసినవాళ్లు విన్నారు. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద రికార్డు చేసుకున్న పాటలు 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చాయి. అందులో ‘స్టేట్ ట్రూపర్’ పాటలో ఫ్రాంకీ నీడ ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. 2010లో శ్రీలంక తమిళ కుటుంబంలో పుట్టిన లండన్ గాయని ఎం.ఐ.ఏ. మా ‘ఘోస్ట్ రైడర్’ ముక్కను తీసుకుని దాని మీద ‘బార్న్ ఫ్రీ’ కట్టింది. ఆ పాటను లెటర్‌మన్ టీవీ షోలో పాడినప్పుడు ఆమె వెనక కీబోర్డు దగ్గర నిలబడింది మా రెవ్వే.