పరిధి తేలాకే ప్రాణం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రోడ్డు మీద పడేవాడు ముందే కొంచెం చదువుకుని పడాలి. తాను పడ్డది జాతీయ రహదారా, రాష్ట్ర రహదారా, పంచాయతీరాజ్ రోడ్డా? తల ఏ మండలంలో ఉంది, కాళ్లు ఏ మండలంలో ఉన్నాయి? పోలీసుకు 100, మంటలకు 101, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి అయితే 1033. ఇన్ని గుర్తుండవని జాలిపడి అన్నిటికీ కలిపి 112 ఇచ్చారు. పాతవి తీసేయలేదు, కొత్తది కలిపారు. నెత్తురు కారుతుండగా ఎక్కాలు అప్పజెప్పే భాగ్యం ఇంకెవరికి దొరుకుతుంది!

108ని తక్కువ చేయడం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ బండిని చూసి చాలా రాష్ట్రాలు నేర్చుకున్నాయి. బండి వస్తుంది. వచ్చాకే అసలు కథ.

లారీ క్యాబిన్‌లో మనిషి ఇరుక్కున్నాడు. రేకు కోస్తే తప్ప మెడకు పట్టీ వేయలేనంటాడు ఈఎంటీ, అంటే బండిలో వచ్చిన అత్యవసర వైద్య సహాయకుడు. కోసే కట్టరు ఫైరింజనులో ఉంది. ఫైరింజను ట్రాఫిక్‌లో ఉంది. ట్రాఫిక్ తీయాల్సిన కానిస్టేబుల్ క్రేన్ కోసం ఫోన్‌లో ఉన్నాడు. "పైసలెవరిస్తరు సారూ?" అని క్రేనాయన. ఇంతలో తెల్లచొక్కా పెద్దమనిషి దిగి, "ఏం చూస్తుండ్రు, గుంజుండ్రి బిడ్డా!" అని గొంతెత్తుతాడు. అందరూ గుంజుతారు. అక్కడ అందరికన్నా తక్కువ తెలిసినవాడి మాటే చెల్లుతుంది, గొంతు పెద్దది కాబట్టి. నేర్చుకుని వచ్చిన ఈఎంటీది చిన్న జీతం, చిన్న గొంతు. వెన్నుపూస విరిగిందో లేదో తర్వాత ఎక్స్‌రే చెబుతుంది.

2016లో జిల్లాలు చిన్నవైతే పాలన దగ్గరైంది, సరిహద్దులు ఇంకా దగ్గరయ్యాయి. మంచిర్యాల, పెద్దపల్లి రెండు జిల్లాలు, ఇద్దరు కలెక్టర్లు, పోలీసు కమిషనరేట్ మాత్రం ఒకటే, రామగుండం. గోదావరి వంతెన మీద ప్రమాదం జరిగితే పోలీసుకు ఒక లెక్క, ఆస్పత్రికి ఇంకో లెక్క. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

2018 సెప్టెంబర్ 11న జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడింది. బస్సులో 100 మందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా పోయారు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్లే ఎందరో. ముందు చేతులు వేసింది చుట్టుపక్కల ఊళ్ల జనం. అలాంటి చోట ఎవరిని ముందు బయటికి తీయాలి, ఎవరిని జగిత్యాలకు, ఎవరిని కరీంనగర్‌కు పంపాలి అని చెప్పే మనిషి ఒక్కడుండాలి. పరామర్శకు నాయకులు కావలసినంత మంది వచ్చారు. శాసనసభ రద్దయి అప్పటికి ఐదు రోజులే మరి.

ఆ ఒక్క మనిషి ఎవరో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే పుస్తకం వేసి చెప్పింది. జిల్లాకు బాధ్యుడు కలెక్టర్, ఘటనాస్థలంలో ఆజ్ఞ ఒక్కరిదే. పుస్తకం భద్రంగా ఉంది, బీరువాలో. గాయమైన మొదటి గంటే గోల్డెన్ అవర్ అని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకే ఎక్కించారు. ఆస్పత్రి చేరినవాడికి లక్షన్నర దాకా నగదు లేని చికిత్స 2025లో వచ్చింది. చేరడం అతని సొంత పూచీ.

ఒకరి మాట ఒకరికి అందకపోవడం మన ఒక్కరి తెగులే కాదు. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోతే, అగ్నిమాపక దళం అక్కడికి చేరడానికి రెండు గంటలు దాటింది. కాకపోతే అక్కడ విచారణ కూర్చుని, ఎవరు ఎవరికి చెప్పలేదో సంపుటాల కొద్దీ రాసింది. మన విచారణ డ్రైవరుతో మొదలై డ్రైవరుతోనే ముగుస్తుంది.

ఆదిలాబాద్ గూడాల్లో ఎవరి మాట చెల్లాలన్న ఈ తలనొప్పి లేదు, అక్కడిదాకా బండే పోదు. తిర్యాణి, నార్నూర్ వైపు వానాకాలంలో వాగు అవతలే 108 ఆగితే, నొప్పులు పడుతున్న మనిషికి ఎడ్లబండో మంచమో దిక్కు. రోడ్డు ఏదంటే పంచాయతీరాజ్ అటవీ అనుమతి అంటుంది. అటవీశాఖ, కవ్వాల్ పులుల అభయారణ్యం దగ్గరైతే, పులి అంటుంది. గిరిజనాభివృద్ధి చూసే ఉట్నూరు ఐటీడీఏ ప్రతిపాదన పంపామంటుంది. మంచం మోసే నలుగురిలో మాత్రం ముందువాడు రాయి చూసి చెబితే వెనకవాళ్లు అడుగు మారుస్తారు. ఈ మొత్తం ఏర్పాటులో బృందమని పిలవదగ్గది అదొక్కటే. వాళ్లకు ఏ శాఖా శిక్షణ ఇవ్వలేదు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్‌లలోని ఎనిమిది జిల్లాల కలెక్టర్లకు ఒక్క విన్నపం. రోడ్డు భద్రత కమిటీలకు అధ్యక్షులు మీరే. వచ్చే సమావేశంలో హెల్మెట్ల మీద ఉపన్యాసానికి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టండి: జనాన్నీ వాహనాలనూ ఆపేది పోలీసు, లోపలినుంచి తీసేది ఫైర్, ఎవరిని ముందు పంపాలో ఈఎంటీ మాటే ఆఖరు, ఎదురుగా ఎస్సై ఉన్నా ఎమ్మెల్యే ఉన్నా. ఆ కాగితాన్ని ప్రతి స్టేషన్లో గోడకు అంటించి, ఏడాదికి రెండుసార్లు అన్ని శాఖలతో కలిపి రోడ్డు మీదే సాధన చేయించండి.

అంతవరకూ దారినపోయే మీరే దిక్కు. ఆగి చెయ్యి వేసినవాణ్ని కేసులో ఇరికించకూడదని మోటారు వాహనాల చట్టం 134-ఏ సెక్షన్ చెబుతోంది. పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. ఆగండి.