ముల్లు మాట

భిలాయి టౌన్‌షిప్పులో సెక్టారుకొకరైనా ఇలాంటి బాబాయిగారు తగులుతారు. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయ్యారు. క్వార్టరు పక్కన రేకుల షెడ్డు, అందులో పాత అంబాసిడర్ మార్క్-3. పుట్టింది శ్రీకాకుళం వైపు. కోపమొస్తే హిందీ, మరీ ముదిరితే ఊరి యాస. 1959 ఫిబ్రవరిలో బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన సంగతి పక్కనే నిలబడి చూసినట్టు చెబుతారు. అప్పటికి ఆయనకు లాగు తొడుక్కోవడం కూడా రాదు.

ఫర్నేసు ఆయనకొక సూత్రం నేర్పింది. పదిహేను వందల డిగ్రీల దగ్గర ఎర్రగా కరిగిన ఇనుములో వేలు పెట్టి ఎవడూ చూడలేడు కనుక, మీటరేం చెబితే అదే నిజం. ఆ సూత్రాన్ని రిటైర్మెంటు తర్వాత కారులోకి ఎక్కించారు. చిక్కల్లా, ఆ కారులో పెట్రోలు ముల్లు ఎన్నాళ్లుగానో సగం గీత మీదే కదలకుండా కూర్చుంది.

ఓ ఆదివారం మైత్రీబాగ్ దారిలో బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. బాబాయిగారు బానెట్ ఎత్తారు. కార్బురేటర్ విప్పారు, పాయింట్లకు గరుకు కాగితం రుద్దారు, పెట్రోలు పంపు గొట్టాన్ని నోట్లో పెట్టి ఊదారు.

"పెట్రోలుందేమో చూడండీ," అన్నారు వెనక సీట్లోంచి పిన్నిగారు.

"సగం టాంకుంది. కళ్లు కనబడట్లేదా?"

పిన్నిగారు ముల్లు వైపు చూడలేదు. దిగి, వెనక మడ్‌గార్డు పట్టుకుని బండిని గట్టిగా ఊపారు. లోపల చుక్క చప్పుడు లేదు. ఆవిడ ఆటో పిలిచారు.

మర్నాడు సుపేలా నుంచి మెకానిక్ కుర్రాడొచ్చాడు. టాంకు దగ్గర వైరు పీకి బాడీకి ఆనించగానే ముల్లు చటుక్కున కదిలింది.

"మీటర్ ఠీక్ హై అంకుల్‌జీ. గడ్‌బడ్ టంకీ మే హై."

బాబాయిగారి ఛాతీ ఉబ్బింది. "విన్నావుటే? మీటరు తప్పు చెప్పదు!"

నిజమే మరి. టాంకులో పెట్రోలు మీద తేలే బుడ్డి దిగుతుంటే దాని కాడ తిరుగుతుంది, ఆ కదలికే కరెంటై ముల్లుకి చేరుతుంది. ఇక్కడ కాడ తుప్పు పట్టి సగం దగ్గర బిగుసుకుపోయింది. పాపం ముల్లు, కింది ఉద్యోగి రిపోర్టు చదివి పైకి వినిపించే ఆఫీసరు.

తుప్పు గీకించారు, అయిదు లీటర్లు పోయించారు. ముల్లు అడుగున కాస్త కదిలి, అక్కడే ఆగింది.

బాబాయిగారు చాలాసేపు దానివైపు చూశారు. కారుకో లాగ్‌బుక్కుంది, ప్లాంటు అలవాటు. కళ్లజోడు సవరించుకుని రాశారు: "రిపేరు అనంతరం పెట్రోలు సుమారు సగం టాంకు తక్కువ వచ్చింది. విచారణ జరుగుతోంది."

కింద రెండు సంతకాలకు చోటు వదిలారు. రెండోది పిన్నిగారిదిట. ఆవిడ ఇంతవరకూ పెట్టలేదు.