గట్టు మీద మచ్చా? గట్టంతా పూయండి

వంటగట్టు మీద తెల్లమచ్చ పడగానే అందరూ పీచు పట్టుకుని తోమడం మొదలుపెడతారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. మచ్చ జోలికి వెళ్ళకండి. మిగతా గట్టునే మచ్చ రంగులోకి తెచ్చేయండి. ఒక్కచోట ఉంటేనే అది మచ్చ. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటే అదే రాయి రంగు.

ముందు మీ రాయి ఏదో తేల్చుకోండి. సింకు మూలన ఒక చుక్క నిమ్మరసం వేయండి. సన్నగా బుడగలు లేచి, తుడిచాక నునుపు పోయి బూడిదరంగు తేలితే మీది కడప రాయి. ఎంత నల్లగా ఉన్నా అది సున్నపురాయే, పులుపు తగిలితే కరుగుతుంది. ఏమీ కాకపోతే చీమకుర్తి గెలాక్సీ లాంటిది కావచ్చు. గ్రానైటని అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి. దానిమీద తెల్లగా కనిపించేది చాలావరకు బోరునీళ్ళ గార. వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు పరిస్తే పోతుంది. నా చిట్కా కడప రాయికే.

మనం వండేవి పప్పుచారు, పులిహోర, గోంగూర. రోజూ చింతపండు పిసికే చోట అద్దంలాంటి పాలిష్ నిలవాలనుకోవడం రాయికీ, వంట చేసేవాళ్ళకీ అన్యాయం. చింతపండు గిన్నె తీసేసరికి దాని అడుగు గుండ్రంగా అచ్చు పడుతుంది. వేలితో తడిమితే ఆ గీత దగ్గర గరుకు తెలుస్తుంది. అది అంటుకున్న మరక కాదు, పులుపు తినేసిన పైపొర. పోయిన పొరను ఏ సబ్బూ, ఏ వంటసోడా తిరిగి తేలేవు. మెషిన్ పాలిష్ పెట్టిస్తే వస్తుంది, మళ్ళీ చారు కాచేదాకా.

అందుకే ఆదివారం గట్టు మొత్తం ఖాళీ చేయండి. చింతపండు గుజ్జు పలచగా కలిపి, నూలుగుడ్డతో ఒకే దిశలో పూయండి. సగంలో ఫోను మోగినా ఆగొద్దు. ఆగినచోట గీత పడుతుంది. ఎక్కడా ఎండనివ్వకుండా తడుపుతూ ఉండండి. రంగు అంతటా ఒకేలా కలిసిందనిపించాక కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కొబ్బరినూనె చుక్కలు చల్లి బాగా రుద్దండి. బూడిదరంగు తగ్గి మెత్తని నలుపు వస్తుంది. మెరుపుండదు, మెరుపు కోసం బెంగా ఉండదు. నూనె ఇంకిపోయి రాయి పాలిపోయినప్పుడల్లా మళ్ళీ రాయండి.

ఇంట్లోవాళ్ళు "బంగారంలాంటి రాయిని పాడుచేశావే!" అంటారు. అననివ్వండి. నిమ్మచెక్క పెట్టడానికి కూడా ప్లేటు వెతుక్కునే వంటిల్లు వంటిల్లే కాదు.

స్టవ్ జరిపి దాని కిందా పూయడం మరవొద్దు. అక్కడ పాత పాలిష్ మిగిలితే, రేపు చిన్న స్టవ్ కొన్నప్పుడు మెరుస్తూ ఉండే ఆ పలకే మీ కొత్త మచ్చ అవుతుంది.